చుట్టిన తీగ, వెలిగిన దీపము

రాత్రి వార్తలు వినుచుండగా రేడియో గొంతు సన్నగిల్లుట, మాట గరగరలాడుట, తుదకు ఆగిపోవుట సెల్లులతో రేడియో నడిపిన ప్రతి ఇంటివారికిని తెలిసిన సంగతియే. అప్పుడు మనము సెల్లులను వెలికి తీసి, మరునాడు ఎండలో పెట్టుట అలవాటు. ఎండ వేడిమికి లోపలి రసాయన చర్య కొంత చురుకుదనము పొంది, మరియొక పూట పాట వినిపించును. అటుపిమ్మట ఆ సెల్లు చచ్చినదని తీర్మానించి పెరటిలో పారవేయుదుము. పిల్లలు దానిని పగులగొట్టి, లోపలి బొగ్గుకడ్డీతో గోడలపై గీతలు గీయుదురు. సెల్లు చరిత్ర అంతటితో ముగియును.

ఆ సెల్లు నిజముగా చచ్చినదా? ఈ ప్రశ్నకు గత ఇరువదియైదు సంవత్సరములుగా ప్రపంచమంతట వేలకొలది అభిరుచిగల యువకులు, ఉపాధ్యాయులు, వృద్ధులు తమ చేతులతో జవాబు చెప్పుచున్నారు. ఒక చిన్న నల్లని వలయము, దానిపై చేతితో చుట్టిన రెండు రాగితీగలు, ఒక ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, ఒక ఎల్.ఇ.డి. దీపము: ఈ అయిదింటిని కూర్చినచో, మనము పారవేసిన సెల్లు మరల వెలుగునిచ్చును. దీనికి ‘జూల్ థీఫ్’, అనగా జూల్ దొంగ, అని పేరు. చూచుటకు ఇది ఆటబొమ్మ. దీని వంశవృక్షమును వెదకినచో దాదాపు రెండువందల ఏండ్ల చరిత్ర బయటపడును. ఆ చరిత్రలో మన తెలుగునాటి రేడియోకును, నెల్లూరు సీమ అభ్రకమునకును పాలు కలదు. దానిని చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

తీగచుట్ట అనగానే మనకు విజ్ఞానశాల గుర్తుకు వచ్చును. కాని పశ్చిమ ప్రకాశము పల్లెలలో తీగచుట్ట అనునది నిత్యజీవితపు మాట. వెలిగండ్ల కనిగిరి సీమలోనిది. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లా ఏర్పడువరకు కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోను ఉండెడివి. 1972లో ఆ క్రొత్త జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. ఇది వానలు తక్కువైన మెట్టసీమ. రైతు బావిని నమ్ముకొన్న రోజులు పోయి బోరును నమ్ముకొన్న రోజులు వచ్చిన పిమ్మట, ఇంటింట వినిపించు ఒక దుఃఖవార్త కలదు: ‘మోటారు కాలిపోయినది.’ వోల్టేజి తగ్గిన వేళ మోటారు కావలసినదానికంటె ఎక్కువ కరెంటు లాగుకొనును, తీగపై పూత మాడిపోవును, చుట్ట నల్లబడును. రైతు దానిని బండిపై వేసికొని వైండింగు షాపునకు పరుగెత్తును. అక్కడి పనివాడు కాలిన తీగను ఊడదీసి, చుట్లు లెక్కపెట్టి, క్రొత్త తీగను చేతితో చుట్టును. ఆ లెక్క తప్పినచో మోటారు తిరుగదు. మోటారు తిరుగకున్నచో పైరు ఎండును. చుట్టల విద్య మన పల్లెకు పరాయి విద్య కాదని చెప్పుటకే ఈ మాట చెప్పితిని.

ఆ విద్యకు మూలపురుషుడు మైకేల్ ఫారడే. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆయన 1831 ఆగస్టు 29వ తేదీన ఒక మెత్తని ఇనుప వలయమును తీసికొనెను. దాని అడ్డుకొలత ఆరు అంగుళములు. దాని ఒక ప్రక్క ఒక రాగితీగను, రెండవ ప్రక్క మరియొక రాగితీగను చుట్టెను. నేడు మనకు దొరకు పూతతీగ ఆ రోజులలో లేదు. కావున చుట్టునకు చుట్టునకు నడుమ పురికొసను, పొరకు పొరకు నడుమ నూలుగుడ్డను వేసి, తీగలు ఒకదానిని ఒకటి తగులకుండ ఓపికగా చుట్టవలసివచ్చెను. ఒక చుట్టను బ్యాటరీకి కలిపినంతనే, దానితో ఏ సంబంధమును లేని రెండవ చుట్టకు తగిలించిన అయస్కాంతపు సూది కదలెను. కరెంటు నిలకడగా ప్రవహించునంతసేపు సూది కదలలేదు. బ్యాటరీని విడదీసిన క్షణమున మరల కదలెను, ఈసారి వ్యతిరేక దిశలో. మార్పు ఉన్నప్పుడే ప్రేరణ ఉండునని ఫారడే గ్రహించెను. నేటి జూల్ దొంగలోని వలయము ఆ ఇనుప వలయమునకు మునిమనుమడే. ఆరు అంగుళముల వలయము నేడు చిటికెనవ్రేలి గోరంత అయినది, అంతియే భేదము.

అదే కాలమున అమెరికాలోని ఆల్బనీ పట్టణమున జోసెఫ్ హెన్రీ అను ఉపాధ్యాయుడు వేరొక వింతను గమనించెను. పొడవైన తీగచుట్టలో కరెంటు ప్రవహించుచుండగా దానిని హఠాత్తుగా త్రెంచినచో, త్రెగినచోట పెద్ద నిప్పురవ్వ లేచుచున్నది. చిన్న బ్యాటరీకి అంత రవ్వను లేపు శక్తి లేదు. మరి అది ఎక్కడినుండి వచ్చినది? హెన్రీ దీనిని 1832లో ప్రకటించెను. మోటారు ఉన్న రైతునకు దీనిని తేలికగా చెప్పవచ్చును. పొడవైన గొట్టములో నీరు వడిగా పారుచుండగా వాల్వును ఒక్కసారిగా మూసినచో గొట్టము ‘ధన్’ మని మ్రోగి అదరును. పారుచున్న నీటికి గల వేగము ఎక్కడికి పోవలయునో తెలియక గొట్టముపై విరుచుకొని పడును. తీగచుట్టలోని కరెంటు కూడ అట్టిదే. దానిని ఆపబోయినచో అది ఆగుటకు ఒప్పుకొనదు. చుట్ట తన చుట్టునున్న అయస్కాంత క్షేత్రములో దాచిన శక్తిని ఎక్కువ వోల్టేజిగా మార్చి ముందుకు త్రోయును. ఈ ఒక్క గుణమే మన కథకు ప్రాణము.

ఫారడే వలయమును, హెన్రీ రవ్వను ఒకచోట చేర్చినవాడు ఐర్లండులోని మేనూత్ కళాశాలలో శాస్త్రము బోధించిన క్రైస్తవ మతాచార్యుడు నికొలస్ కాలన్. ఆయన 1836లో, తక్కువ చుట్లుగల లావు తీగను, ఎక్కువ చుట్లుగల సన్నని తీగను ఒకే ఇనుపకడ్డీపై చుట్టి, కరెంటును మాటిమాటికి త్రెంచుచు, చిన్న బ్యాటరీనుండి పెద్ద వోల్టేజిని పుట్టించెను. ఇదియే ఇండక్షన్ కాయిల్. కాని లోకములో దీనికి పేరు తెచ్చుకొన్నవాడు పారిస్‌లో పరికరములు తయారుచేయు హైన్రిక్ రూమ్‌కార్ఫ్. 1864లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఏర్పరచిన ఏబదివేల ఫ్రాంకుల బహుమానము ఆయనకు లభించెను. ఆ పరికరమును అందరును రూమ్‌కార్ఫ్ కాయిల్ అనియే పిలిచిరి. మేనూత్ ఆచార్యుని చాలకాలము ఎవరును తలపలేదు. రూమ్‌కార్ఫ్ పనితనము తక్కువది కాదు; మైళ్ల కొలది సన్నని తీగను తెగకుండ, చెడకుండ చుట్టిన నేర్పరి ఆయన. అయినను మొదట కనుగొన్నవాని పేరు మరుగున పడుట చరిత్రలో అన్యాయమే. ఇట్టి అన్యాయము ఈ కథలో మరియొకమారు కూడ వచ్చును.

జర్మనీలో హైన్రిక్ హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరములలో ఇట్టి కాయిల్ రవ్వలతోనే విద్యుదయస్కాంత తరంగములను పుట్టించి చూపెను. మన దేశమున ఆచార్య జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తాలో ఆ తరంగములను గోడల గుండ పంపి, అవతల గంటను మ్రోగించెను, తుపాకిమందును పేల్చెను. ఆ తరంగములను పట్టుటకు గెలీనా అను సీసపు ఖనిజమును వాడు పద్ధతికి ఆయన పేర 1904లో అమెరికాలో పేటెంటు వచ్చెను. తరువాత కాలమున ఇంటింట వెలసిన క్రిస్టల్ రేడియోకు అట్టి స్ఫటికమే గుండెకాయ.

ఇక్కడినుండి కథ మన ఇండ్లలోనికి వచ్చును. మద్రాసులో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో 1924 మే 16వ తేదీన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడెను. జూలై 31న ప్రసారములు ఆరంభించెను. ఇది ప్రభుత్వము పెట్టిన సంస్థ కాదు. అభిరుచిగలవారు తమ సొంత చందాలతో నడుపుకొన్నది. ధనలోపముచేత 1927లో క్లబ్బు ప్రసారములు మూతపడినవి. 1930 ఏప్రిల్ 1 నుండి మద్రాసు నగరపాలక సంస్థ ఆ పనిని చేపట్టెను. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసెను. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను.

ఆ తొలి రోజుల శ్రోతలలో పలువురు రేడియోను కొనలేదు, చేసికొనిరి. ఒక అట్టగొట్టముపై తీగను వరుసగా చుట్టుట, ఒక స్ఫటికమును సన్నని తీగమొనతో తడుముచు పలుకుచోటును వెదకుట, పొడవైన ఏరియలును పెరటిలో కట్టుట, చెవికి హెడ్‌ఫోను తగిలించుకొని ఊపిరి బిగబట్టి వినుట: ఇదియే క్రిస్టల్ సెట్టు. దానికి సెల్లు అక్కరలేదు. ప్రసార కేంద్రమునుండి వచ్చు తరంగములోని శక్తియే దానికి ఆహారము. చేతితో చుట్టిన చుట్టచేత అత్యల్ప శక్తిని పనిలో పెట్టు విద్యను సామాన్య గృహస్థుడు మొదట నేర్చినది ఈ సెట్టుతోనే.

ఆ సెట్లలోను, తరువాతి వాల్వు రేడియోలలోను కండెన్సరులకు అభ్రకము ముఖ్యమైన సరకు. విద్యుత్తును తనగుండ పోనీయదు, వేడికి చెక్కుచెదరదు, కాగితముకన్న పలుచని పొరలుగా చీలును. అట్టి అభ్రకమునకు నెల్లూరు జిల్లా లోకప్రసిద్ధము. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాల గనులలో స్త్రీపురుషులు త్రవ్వి, చీల్చి, కత్తిరించిన పొరలు ఓడలెక్కి విదేశములకు పోయినవి. వెలిగండ్ల కూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. తాము చీల్చిన పొర ఏ దేశపు రేడియోలో చేరినదో ఆ కూలీలకు తెలియదు. పాట విన్నవారికి ఆ కూలీల ఊసు తెలియదు.

కరెంటు లేని పల్లెకు వాల్వు రేడియో వచ్చినప్పుడు మరియొక చిక్కు వచ్చెను. వాల్వులకు ఎక్కువ వోల్టేజి కావలయును. ఆనాటి కారు బ్యాటరీ ఇచ్చినది ఆరు వోల్టులు. దీనికి ఇంజనీర్లు కాలన్ ఉపాయమునే తీసికొనిరి. ‘వైబ్రేటరు’ అను చిన్న పరికరములో ఒక ఇనుప నాలుక గంటవలె క్షణక్షణము కొట్టుకొనుచు కరెంటును త్రెంచుచుండును. త్రెగిన కరెంటు ట్రాన్స్‌ఫార్మరు చుట్టలలో పెద్ద వోల్టేజిగా పెరుగును. అట్టి సెట్టు పాడునప్పుడు చెవి దగ్గర పెట్టినచో పాటతోపాటు తుమ్మెద ఝుంకారము కూడ వినిపించెడిది. ఆ ఇనుప నాలుక స్థానమున ట్రాన్సిస్టరును కూర్చుండబెట్టినచో మన జూల్ దొంగ వచ్చును. ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టెను. దాని నిర్మాతలు షాక్‌లీ, బార్డీన్, బ్రాటెన్‌లకు 1956లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఇక దీపము సంగతి. ఎల్.ఇ.డి. నిన్న మొన్నటి వస్తువని మనము తలంతుము. దాని తొలి మినుకు 1907 నాటిది. మార్కొనీవద్ద పనిచేసిన హెన్రీ రౌండ్ రేడియో తరంగములను పట్టుటకు స్ఫటికములను పరీక్షించుచు, కార్బొరండము అను పదార్థముపై తీగమొన ఆనించి కరెంటు పంపెను. అది పసుపుపచ్చగా వెలిగెను. ఆయన ఒక పత్రికకు చిన్న లేఖ వ్రాసి ఊరకుండెను. వినుటకు తెచ్చిన రాయి వెలుగుటకు కూడ పనికివచ్చునని ఆనాడు ఎవరును పట్టించుకొనలేదు.

పట్టించుకొన్నవాడు రష్యా దేశీయుడు ఓలెగ్ లోసెవ్. నీజ్నీ నొవ్గొరోద్ రేడియో ప్రయోగశాలలో ఆయన చిన్న ఉద్యోగముతో జీవితము మొదలుపెట్టెను. గొప్ప పట్టములు లేవు. 1920 తరువాతి ఏండ్లలో స్ఫటికములతోనే రేడియో తరంగములను బలపరచు సెట్లను నిర్మించెను. 1927లో స్ఫటికమునుండి వచ్చు కాంతిని గూర్చి వివరముగా ప్రకటించెను. అది వేడిమివలన కలిగినది కాదని, చల్లని వెలుగని చెప్పెను. కాని యుద్ధము ముంచుకొని వచ్చెను. లెనిన్‌గ్రాడు ముట్టడిలో ఆకలిచే 1942 జనవరిలో, 38 ఏండ్ల వయసున లోసెవ్ మరణించెను. ఆయన పేరు కూడ కాలన్ పేరువలె అనేక సంవత్సరములు మరుగున పడిపోయినది. ఒకరిని కీర్తి మరచినది, ఒకరిని ఆకలి మ్రింగినది.

1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించు ఎర్రని ఎల్.ఇ.డి.ని నిర్మించెను. రేడియోలపై, గడియారములపై ఎర్రని చుక్కలు వెలసినవి. తరువాత పచ్చనివి వచ్చినవి. నీలిరంగు మాత్రము ముప్పది ఏండ్లు లొంగలేదు. నీలి లేనిదే తెల్లని వెలుగు లేదు. జపానులో ఇసాము అకసాకి, హిరోషి అమానో ఒకవైపున, ఒక చిన్న పట్టణపు కర్మాగారములో షూజి నకమురా మరియొకవైపున పట్టువిడువక శ్రమించిరి. 1993లో నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని చూపెను. దానిపై పసుపు కాంతినిచ్చు పూత పూయగా తెల్లని వెలుగు వచ్చెను. ఆ ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానము లభించెను.

తెల్లని ఎల్.ఇ.డి. వచ్చినది గాని ఒక కొసరు చిక్కు మిగిలెను. ఎర్రని ఎల్.ఇ.డి.కి సుమారు రెండు వోల్టులు, తెల్లనిదానికి సుమారు మూడు వోల్టులు ఉన్నగాని వెలుగదు. క్రొత్త సెల్లు ఇచ్చునది ఒకటిన్నర వోల్టు. గడప ఎత్తు మూడడుగులు, బిడ్డ కాలు ఒకటిన్నర అడుగు అన్నట్లు ఉన్నది. రెండు మూడు సెల్లులు వరుసగా పెట్టవచ్చును. కాని వాడిన సెల్లుతో ఏమి చేయవలయును? అది ఒక వోల్టుకు లోబడియుండును.

1999 నవంబరులో ‘ఎవ్రీడే ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్’ అను బ్రిటిష్ పత్రికలో, పాఠకులు తమ ఉపాయములను పంపు శీర్షికలో, స్విండన్ పట్టణమునకు చెందిన జెడ్. కపార్నిక్ పేర ఒక చిన్న సర్క్యూటు అచ్చయ్యెను. ఒకే వోల్టుతో ఎల్.ఇ.డి.ని వెలిగించు విధానము అది. తరువాతి సంవత్సరములలో స్కాట్లండునకు చెందిన క్లైవ్ మిచెల్ అను ఎలక్ట్రానిక్స్ అభిరుచికారుడు దానిని కూర్చు విధానమును సులభముగా వివరించి, ‘జూల్ థీఫ్’ అని పేరు పెట్టెను. శక్తికి కొలమానమైన జూల్, ఆంగ్లమున ‘ఆభరణము’ అను అర్థమిచ్చు మాట, వినుటకు ఒకటే. ‘నగల దొంగ’ అను మాటపై పరిహాసముగా పెట్టిన పేరిది. ఈ తీరు సర్క్యూటును ఇంజనీర్లు అంతకుముందే ‘బ్లాకింగ్ ఆసిలేటరు’ అను పేర ఎరుగుదురు. క్రొత్తదనము సూత్రములో లేదు, వాడుకలో ఉన్నది. సామాన్యుని చేతికందు అయిదు వస్తువులతో, పారవేసిన సెల్లుతో, అది ఇంటింటి ప్రయోగమయ్యెను.

ఇది పనిచేయు విధమును చెప్పెదను. నల్లని వలయముపై రెండు తీగలను ప్రక్కప్రక్కన పదునైదు, ఇరువది చుట్లు చుట్టవలయును. సెల్లు కరెంటు ఒక చుట్టగుండ ట్రాన్సిస్టరునకు పోవును. రెండవ చుట్టగుండ, ఒక వేయి ఓముల రెసిస్టరుగుండ, అతి స్వల్పమైన కరెంటు పోయి ట్రాన్సిస్టరు తలుపును తీయును. తలుపు తీసినంతనే మొదటి చుట్టలో కరెంటు పెరుగును; ఫారడే చెప్పినట్లు ఆ పెరుగుదల రెండవ చుట్టలో వోల్టేజిని పుట్టించి తలుపును మరింత తీయును. పెరుగుట ఒక హద్దు చేరి ఆగినంతనే ఆ తోడ్పాటు పోవును, తలుపు ధన్‌మని మూయబడును. అప్పుడు హెన్రీ చెప్పిన రవ్వ లేచును: చుట్ట తాను దాచిన శక్తిని మూడు వోల్టులు దాటించి ఎల్.ఇ.డి.గుండ త్రోయును. దీపము ఒక్కసారి మెరయును. శక్తి అయిపోయినంతనే తలుపు మరల తెరచుకొనును. ఇట్లు సెకనుకు వేలకొలది పర్యాయములు జరుగును. కంటికి మాత్రము నిలుకడైన వెలుగే కనిపించును. టార్చిలైటునకు పనికిరాని సెల్లు కూడ ఈ విధముగా సుమారు అర వోల్టు, ఆరు పదుల వంతు వోల్టు వరకు దిగజారునంతవరకు వెలుగునిచ్చును.

ఆ నల్లని వలయము ఫెర్రైటు. 1930లో టోక్యోలో యొగొరో కాటో, తకేషి తకేయి కనుగొన్న పదార్థమిది. ఇనుపతుప్పువంటి ఆక్సైడులను కలిపి కుండవలె కాల్చినది. మీ ట్రాన్సిస్టరు రేడియోను తెరచి చూచినచో పెన్సిలువంటి నల్లని కడ్డీ, దానిపై చుట్టిన తీగ కనిపించును. అది మధ్యతరంగములను పట్టు ఏరియలు, అదియు ఫెర్రైటే. పాడైన సి.ఎఫ్.ఎల్. దీపపు అడుగుభాగములో చిన్న ఫెర్రైటు వలయము, ట్రాన్సిస్టర్లు ఉండును. ప్రయోగము చేయువారు వానినే ఏరుకొందురు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ దీపపు గాజుగొట్టములో పాదరసపు ఆవిరి ఉండును, దానిని పగులగొట్టరాదు. పిల్లలు పెద్దల తోడు లేక దానిని తెరువరాదు.

తీగకు దూరము పోనక్కరలేదు. కనిగిరిలోగాని, మార్కాపురములోగాని వైండింగు షాపులో మిగిలిన పూతతీగ ముక్కలు చాలును. చివరలందు పూతను బ్లేడుతో గీకవలయును. గీకుట మరచిన తీగకు పైకి రాగి మెరుపే ఉండును గాని కరెంటు పోదు. మొదటిసారి చేయువారు పొరబడునది మరియొక చోట. రెండు చుట్టలు ఒకదానికొకటి ఎదురుగా కలుపవలయును: ఒక చుట్ట మొదలును, రెండవ చుట్ట కొనను జతచేసి సెల్లునకు కలుపవలయును. అది తారుమారైనచో తోడ్పడవలసిన చుట్ట అడ్డుపడును, దీపము వెలుగదు. అప్పుడు నిరాశపడక ఒక చుట్ట కొనలను మార్చి కలిపినచో చాలును. దీపము వెలిగిన క్షణమున పిల్లవాని ముఖమును చూచినవారు, నాడు సూది కదలినప్పుడు ఫారడే ముఖము ఎట్లుండెనో ఊహింపగలరు.

ఇంత చెప్పిన పిమ్మట ఒక సత్యమును దాచరాదు. ఈ చుట్ట శక్తిని పుట్టించునని, ఒకటి పెట్టినచో పది వచ్చునని చెప్పువారు బయలుదేరినారు. అది అబద్ధము. జేమ్స్ జూల్ అను ఆంగ్లేయుడు బీరు తయారుచేయు కుటుంబమువాడు. 1840 తరువాత ఏండ్ల తరబడి కొలతలు కొలిచి, శక్తి రూపము మారునే గాని శూన్యమునుండి పుట్టదని స్థాపించినవారిలో ముఖ్యుడు. ఆయన పేరు పెట్టుకొన్న సర్క్యూటుతోనే ఆయన మాటను కాదనుట విచిత్రము. వోల్టేజి పెరుగునప్పుడు కరెంటు తగ్గును. త్రోవలో కొంత శక్తి వేడిగా పోవును. సెల్లులో అడుగున మిగిలిన కొద్దిపాటి శక్తిని గీకి ఇచ్చుటయే ఈ దొంగ పని. కుండ అడుగున మిగిలిన గంజిని వంచుకొని త్రాగుటవంటిది. కుండ దానితో నిండదు. పిల్లలకు ఈ ప్రయోగము నేర్పువారు ఈ మాట కూడ నేర్పవలయును. లేనిచో వెలిగిన దీపమే అజ్ఞానమునకు సాక్ష్యముగా నిలుచును.

రెండవ జాగ్రత్త సెల్లును గూర్చినది. సాధారణపు సెల్లు పైతొడుగు జింకు. కరెంటు ఇచ్చుటలో కరగునది ఆ తొడుగే. పూర్తిగా పిండిన సెల్లు తొడుగు చిల్లుపడి లోపలి తడి కారును. రేడియోలో మరచిన సెల్లు స్ప్రింగులను తినివేయుట మనము చూచినదే. కనుక పిండిన సెల్లును పరికరములలో ఉంచరాదు.

ఇక ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చును. నేపాలు కొండపల్లెలలో పిల్లలు చీకటి బడిలో చదువుట 1997లో చూచిన డేవ్ అర్విన్-హాలిడే అను కెనడా ఆచార్యుడు, తక్కువ శక్తితో వెలుగు తెల్లని ఎల్.ఇ.డి.లను పేదల ఇండ్లకు చేర్చుటకు పూనుకొనెను. రాజస్థానులోని తిలోనియాలో 1972లో వెలసిన బేర్‌ఫుట్ కళాశాల, బడి ముఖము చూడని పల్లె స్త్రీలకు సూర్యశక్తి దీపముల సర్క్యూట్లు కూర్చుట నేర్పినది. మన దేశములో 2015 జనవరి 5న ఆరంభమైన ఉజాలా పథకముతో ఎల్.ఇ.డి. బల్బులు సామాన్యుల ఇండ్లకు వచ్చినవి. వెలిగండ్లవంటి ఊళ్లకు నేడు కరెంటు స్తంభము, ఎల్.ఇ.డి. బల్బు క్రొత్త కావు. గాలివానకు తీగ తెగిన రాత్రి మాత్రము ఇల్లు చీకటే. ఆ రాత్రి పారవేయబోయిన సెల్లునుండి ఒక చుక్క వెలుగు వచ్చినచో, గుమ్మములో తేలు ఉన్నదో లేదో చూచుకొనవచ్చును, మందు సీసా వెదకుకొనవచ్చును. దానికి మించిన ఫలము ఇంకొకటి కలదు. ఆ దీపమును తన చేతితో చుట్టినవారికి, మోటారు కాలినప్పుడు, రేడియో మూగబోయినప్పుడు, అది దేవుని శాపము కాదని, ఎక్కడనో ఒక తీగ, ఒక చుట్ట, ఒక కారణము ఉన్నదని తెలియును. వెదకుటకు ధైర్యము కలుగును.

లండనులో నూలుగుడ్డ చుట్టిన ఫారడే బీద కమ్మరి కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టు పనిలో చేరి, ఆ పుస్తకములనే చదివి విద్వాంసుడైనవాడు. లోసెవ్ చిన్న ఉద్యోగి. చెట్టిగారి క్లబ్బు చందాలతో నడచినది. గూడూరు గనులలో అభ్రకము చీల్చినవారి పేర్లు ఏ గ్రంథములోను లేవు. మన సంత వీధిలో వైండింగు షాపులో కూర్చుండి, కాలిన తీగను ఊడదీయుచు చుట్లు లెక్కించు పనివాడు కూడ ఆ వరుసలోనివాడే. ఆతని ప్రక్కన కూర్చుండి చుట్లు లెక్కించుట నేర్చుకొను పిల్లవానిని, పిల్లను, బడి మానిపించినట్లు చూడక, బడికి తోడైన పాఠముగా చూచినచో మేలు. ఈసారి రేడియో గొంతు సన్నగిల్లినప్పుడు ఆ సెల్లును వెంటనే పారవేయక, ఇంటిలోని పిల్లల చేతికి ఒక తీగముక్కతో ఇచ్చి చూడుడు.